బిడ్డ వయస్సునకు సాక్షి యెవరు?

మన దేశమునందు బిడ్డ భూమిమీద పడినవెంటనే కాలమును గుర్తించు నాచారము మిక్కిలి పురాతనమైనది. గడియారములు లేనినాడు నీడను గొలిచి చూచెడివారు. గడియకుడుకను నీటిలో విడిచి లెక్కించెడివారు. తిథివారనక్షత్రములు, పాదము, లగ్నము, గడియలు, విఘడియలు, అన్నియు పురోహితుని తాటాకుమీది కెక్కెడివి. ఇంత సూక్ష్మముగా పుట్టుకను వ్రాసికొన్న దేశమున, న్యాయస్థానములో నొక బాలికను నిలువబెట్టి "ఈమె వయస్సెంత?" అని యడిగినప్పుడు నమ్మదగిన యుత్తరము దొరకక న్యాయాధిపతులు దిక్కులు చూచిరన్నచో వింతగా దోచును. కాని జరిగినది యదియే.

కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. జాతకము కుటుంబమువారి సొత్తు. అది పెట్టెలో నుండును. చూపవలసినప్పుడు చూపుదురు, దాచవలసినప్పుడు దాతురు. సంబంధము కుదురుటకై యొక యేడు తగ్గింపవలసివచ్చినచో తగ్గించి మరల వ్రాయింతురు. ఆ తాటాకు ఎవరి పుట్టుకను జెప్పుచున్నదో ఆ బిడ్డకు దానిమీద నే యధికారమును లేదు. ఈ తాటాకుభాగ్యమైనను కొన్ని కులములవారికే గాని కూలినాలి చేసికొని బ్రదుకు గృహములకు లేకుండెను. వారికి కాలము విపత్తులచేతనే తెలిసెడిది. 1864 నాటి బందరు ఉప్పెనకు పాలుద్రాగు పిల్లననియు, 1876-77 నాటి ధాత కఱవునకు బఱ్ఱెలను గాచుచుంటిననియు వృద్ధులు చెప్పుకొనెడివారు. ఆ మాటలో నబద్ధము లేదు, ఋజువును లేదు.

ఋజువు లేకున్న నేమి కొదువ యని యడుగువారు 1890వ సంవత్సరమున కలకత్తాలో నడచిన యొక వ్యవహారమును జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. ఫూల్‌మణి దాసి యను బాలిక, వివాహిత, తనకంటె నెంతయో పెద్దవాడైన భర్త చేసిన బలాత్కారముచే గాయపడి ప్రాణములు విడిచినది. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారము భార్యకు పదేండ్లు నిండనిచో నది బలాత్కారమను మహాపరాధమగును, నిండినచో గాదు. కావున ఆ విచారణయందు ఆ పిల్ల పడిన బాధకంటె ఆమె వయస్సే ముఖ్యప్రశ్నమై కూర్చున్నది. పది దాటినవని తేలెను. భర్త అజాగ్రత్తచే తీవ్రగాయము చేసినవాడు మాత్రమే యని నిర్ణయింపబడి యొక సంవత్సరము కఠినశిక్షతో బయటపడెను. దేశమంతట కలవరము పుట్టి, మరుసటియేట, 1891లో, ఆ వయఃపరిమితి పండ్రెండునకు పెంచబడినది. ఆ చట్టమునుగూర్చి అనుకూలురును ప్రతికూలురును వ్రాసిన వ్రాతలు కొండలంత గలవు. అయినను పదియైన నేమి, పండ్రెండైన నేమి, ఆ సంఖ్యను స్థాపించు సాధనమేది? ఇట్టి వ్యవహారములలో సామాన్యముగ ఇంటివారి జ్ఞాపకమును, పండ్లను ఎముకలను జూచి వైద్యులు చేయు నూహయు, ఈ రెండే యాధారములుగా నుండెను. పుట్టిననాడు పరులచే వ్రాయబడిన యొక పంక్తి యుండినచో నీ రెంటితోను పనియే లేదు.

ఇంటివారికి వయస్సు తెలియదని మాత్రము చదువరులు తలపవలదు. అవసరమున్నచోట చక్కగ తెలిసియేయుండెను. విజయనగరము మహారాజుగారి ప్రేరణచే విశాఖపట్టణము జిల్లాయందు మూడేండ్లలో జరిగిన కన్యాశుల్కవివాహముల పట్టిక యొకటి సిద్ధము చేయబడినదనియు, అందు 1034 వివాహములు లెక్కకు వచ్చినవనియు గురజాడ అప్పారావుగారు తమ నాటకము తొలికూర్పునకు 1897లో ఆంగ్లమున వ్రాసిన పీఠికయందు తెలిపియున్నారు. వారిలో 99 మంది అయిదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆర్గురు రెండేండ్లవారు, మువ్వురు ఏడాది పిల్లలు. ఆ చంటిపిల్లలకు సైతము 350 మొదలు 400 రూపాయలవఱకు వెల పలికినది! వెల కట్టుటకు వయస్సు వలసియుండెను గనుక బేరమునాడు వయస్సు నిక్కముగ తెలిసియుండెను. న్యాయస్థానము మెట్లెక్కగనే యది మఱపునకు వచ్చెడిది.

ఈ చిక్కు మనదేశమునకే ప్రత్యేకమైనది కాదు. మనకు జననమరణముల రిజిస్టరును దెచ్చిన యింగ్లాండువారును మూడువందల యేండ్లు దీనితో పెనగులాడిరి. అచ్చట 1538లో ఎనిమిదవ హెన్రీ రాజునకు మంత్రియైన థామస్ క్రామ్వెల్, ప్రతి చర్చియందును బాప్తిస్మములు, వివాహములు, ఖననములు ఒక పుస్తకమున వ్రాయవలయునని యుత్తరువు చేసెను. ప్రజలు వెంటనే శంకించిరి: ఇది క్రొత్తపన్నునకు పీఠిక కాదా యని. ఆ శంక యప్పటికి తప్పైనను నూటయేబదియేండ్ల కొప్పైనది. 1695లో ఫ్రాన్సుతోడి యుద్ధమునకు ధనము చాలక, ఒక్కొక్క జననమునకు రెండు షిల్లింగులు పన్ను వేసిరి. ధనికులకు నంతకు హెచ్చు. 1783లో మరల నొక్కొక్క పద్దునకు మూడు పెన్నీలు విధించి 1794లో మానిరి. పుట్టుకను జెప్పినవానికి పన్ను, చెప్పనివానికి లాభము! బిడ్డను వ్రాయించుటకు బీదవాడు జంకుట దొరతనమువారు నేర్పిన విద్యయే యనవలసియున్నది.

అదియునుగాక ఆ పుస్తకమున వ్రాయబడినది బాప్తిస్మముగాని పుట్టుక గాదు. పుట్టిన యెన్ని దినములకో, నెలలకో బాప్తిస్మము జరుగవచ్చును. ఆంగ్లికను మతమున జేరని క్రైస్తవులకును, యూదులకును ఆ పుస్తకములో తావే లేదు. ఆస్తి తగవులలో వారి బిడ్డలు తాము ఎవరి బిడ్డలమో స్థాపించుకొనలేకపోయిరి. మతముతో ముడిపడిన లెక్క మతము వెలుపలనున్న బిడ్డను బిడ్డగా నెంచదు. రాజ్యమే యెల్లరకును సమముగ లెక్క వ్రాయవలయునను వాదము అట్లు బలపడినది.

దానికంటెను కఠినమైన పాఠము దూదిమిల్లులు నేర్పినవి. 1833 నాటి కర్మాగారముల చట్టము తొమ్మిదేండ్లలోపు పిల్లలను ప్రత్తి మొదలగు మిల్లులలో పనికి బెట్టరాదనియు, తొమ్మిది మొదలు పదుమూడువఱకు గలవారికి పనిగంటలు తగ్గింపవలయుననియు శాసించెను. మంచిదే. కాని మిల్లుద్వారమున నిలిచిన పిల్లకు తొమ్మిదేండ్లని యెవరు చెప్పవలయును? తల్లిదండ్రులు ఆకలిచే ఏడింటిని తొమ్మిది యనిరి. యజమానుడు వినీ విననట్లు నటించెను. అందుచే శస్త్రవైద్యుడొకడు పిల్లను జూచి, తొమ్మిదేండ్ల పిల్లకు సామాన్యముగ నుండు బలమును ఆకారమును గలవని వ్రాసియిచ్చు పద్ధతి యేర్పడినది. పొడవు గొలిచిరి. 1837లో ఎడ్విన్ సాండర్స్ అను దంతవైద్యుడు పిల్లల పండ్లను బట్టి వయస్సు తెలిసికొనవచ్చునని యొక చిన్న పుస్తకమునే ప్రకటించి పార్లమెంటువారికి సమర్పించెను. సంతలో ఎద్దు నోరు తెఱచి పండ్లు లెక్కపెట్టు బేరగానిని మనమెల్లరము జూచియున్నాము. లోకమునకెల్ల బట్టలు నేసిపెట్టిన దేశము తన పిల్లల నోళ్లను అట్లే తెఱపింపవలసివచ్చినది. వారి పుట్టుక నెవరును వ్రాసియుంచకపోవుటయే హేతువు.

1836లో చట్టమైనది, 1837 జూలై 1వ తేదీ మొదలుకొని ఇంగ్లాండు, వేల్సు దేశములందు మతభేదము లేక జననమరణముల లేఖనము నడచినది. అయితే ఆ మొదటి చట్టమున నొక మెలిక యున్నది. తల్లిదండ్రులు తామై పోయి చెప్పవలయునని యందు నిర్బంధము లేదు. రిజిస్ట్రారే తన ప్రాంతమున పుట్టిన బిడ్డలను వెదకికొని పోయి యడుగవలయును. అడిగినప్పుడు వారు చెప్పవలయును. అతనికి సంవత్సరమున మొదటి యిరువది పద్దులకు రెండున్నర షిల్లింగుల చొప్పునను, ఆపైని పద్దునకొక షిల్లింగు చొప్పునను కూలి. కావున కాళ్లలో సత్తువగల రిజిస్ట్రారున్నచోట బిడ్డలు లెక్కకు వచ్చిరి, సోమరియున్నచోట రాలేదు. పేదల వాడలలో, పెండ్లికాని తల్లుల యిండ్లలో, ఎన్నో పుట్టుకలు కనుమరుగైనవి.

కనుమరుగైన పుట్టుక యనగా నేమో 1870లో లండను నగరము తెలిసికొన్నది. సొమ్ము పుచ్చుకొని పరుల శిశువులను బెంచెదమని పత్రికలలో ప్రకటించు స్త్రీలు కొందఱుండిరి. పనిమనుషులు, కన్నెతల్లులు తమ బిడ్డలను వారి చేతులలో బెట్టి వెడలిపోయెడివారు. బిడ్డలు పాలు లేక, మందుపాలై, నెలలలోనే చచ్చుచుండిరి. మార్గరెట్ వాటర్స్ అను నామె యట్టి నేరమునకై ఆ సంవత్సరము అక్టోబరులో ఉరితీయబడినది. ఈ వర్తకము అంతకాలము సాగుటకు మూలమేమన, పుట్టినట్లు వ్రాత లేని బిడ్డ చచ్చిపోయినచో "ఏదీ ఆ బిడ్డ?" యని యడుగువాడు లేడు. 1872లో శిశుప్రాణరక్షణకు ప్రత్యేకచట్టము వచ్చినది. 1874లో జననలేఖనపు చట్టమును మార్చి వ్రాసిరి. అందు మొదటిసారిగ మాట స్పష్టముగ పలుకబడినది: బిడ్డ పుట్టిన నలువదిరెండు దినములలోపల రిజిస్ట్రారునకు దెలుపుట తండ్రియొక్కయు తల్లియొక్కయు విధి. వారు లేనిచో బిడ్డ పుట్టిన యింటివారిది, పురిటియొద్ద నున్నవారిది, బిడ్డను బెంచువారిది. తప్పినవారికి నలువది షిల్లింగులవఱకు జుల్మానా.

1836లో రాజ్యము బిడ్డను వెదకుటకు అధికారిని బంపినది. ముప్పదియెనిమిదేండ్లు గడచిన పిమ్మట తల్లిదండ్రులను అధికారియొద్దకు బంపినది. ఈ మార్పు చిన్నదిగా దోచును గాని, బిడ్డ తరఫున పలుకవలసినవారెవరను ప్రశ్నకు చట్టము తెలిసికొన్న యుత్తరము ఇందే యున్నది. ఆ చట్టమే వివాహము వెలుపల పుట్టిన బిడ్డ విషయమున, తల్లియు తండ్రియు కలిసి కోరి సంతకము చేసిననే గాని తండ్రిపేరు వ్రాయరాదనెను. తల్లి తప్పించుకొన వీలులేదు, తండ్రి తప్పించుకొనవచ్చును. ఇది న్యాయమని నేననజాలను.

ఇక మనదేశమునకు వత్తము. ఇచ్చట పుట్టుకల లెక్క మొదలైనది బిడ్డకొఱకు గాదు, కలరాకొఱకు. 1864లో మూడు రాజధానులందును ఆరోగ్యపర్యవేక్షణకై సంఘము లేర్పడినవి. ఏ యూరిలో నెందఱు పుట్టుచున్నారు, ఎందఱు చచ్చుచున్నారను సంఖ్యలు వారికి వలసెను. అంకెకు పేరుతో పనిలేదు. "మగశిశువు ఒకటి, ఆడశిశువు ఒకటి" యనిన చాలును. ఇంగ్లాండులో 1839 మొదలు విలియం ఫార్ అను వైద్యుడు ఆ పుస్తకములను జదివి, ఏ పట్టణము తన శిశువులను జంపుచున్నదో లోకమునకు జాటిన మాట నిజమే. కాని అచ్చట బిడ్డ పేరును సంఖ్యయు ఒకే పంక్తిలో నుండెను. ఇచ్చట సంఖ్య మాత్రమే నిలిచినది.

1886లో భారతప్రభుత్వము చేసిన జననమరణ వివాహముల చట్టము ఇచ్ఛాపూర్వకమైనది. అదియు క్రైస్తవులు మొదలగు కొన్ని తరగతులవారి కొఱకే. మదరాసు రాజధానియందు 1899లో మూడవ చట్టముగ జననమరణ లేఖనశాసనము వచ్చినది. దానివలన పురపాలకసంఘములందును, ప్రకటింపబడిన గ్రామములందును వ్రాయించుట నిర్బంధమైనది. పల్లెలో ఆ పుస్తకము గ్రామ మునసబుచేతిలో నుండెడిది. శిస్తు వసూలు, తగవులు, బాటసారుల లెక్క, పశువుల లెక్క, వీనినడుమ పుట్టుకల లెక్క. తలారియో వెట్టివాడో వచ్చి "ఫలానావారి కోడలు ప్రసవించినదండీ" యని చెప్పినపుడు మునసబు వ్రాసికొనెడివాడు. కోడలి పేరెవరు చెప్పుదురు? బిడ్డకు నింకను పేరే లేదు. తండ్రిపేరు, కులము, ఆడయో మగయో, తేదీ. పేరు వ్రాయవలసిన గడి ఖాళీగ నుండిపోయెను. ఒకే తండ్రికి ముగ్గు రాడుపిల్లలున్నచో ఇరువదియేండ్ల తరువాత ఆ పంక్తి ఏ పిల్లదో చెప్పుట యెట్లు? పుస్తకము తాలూకా కచ్చేరికి పోయి, చెదల పాలబడనిచో, మన కిట్టి సందేహమునే మిగిల్చెడిది.

ఈ ఖాళీగడియొక్క మూల్యము శారదాచట్టమునాడు తెలిసివచ్చినది. హరవిలాస శారదాగారు ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధశాసనము 1929 సెప్టెంబరులో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చెను. పిల్లకు పదునాలుగు, పిల్లవానికి పదునెనిమిది. ఆ నడిమి యాఱునెలలలో దేశమంతట పందిళ్లు లేచినవి. తొట్టెలలోని పిల్లలకు సైతము తాళి గట్టిరి. ఆ తొందర ఛాయ 1931 జనాభా లెక్కలలో స్పష్టముగ గనబడినది. చట్టమును మీఱినవారికి ఒక నెల సామాన్యశిక్షయు వేయిరూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. ఐనను పోలీసులు తామై పట్టుకొన వీలులేదు. ఎవరో ఒకరు ఏడాదిలోపల ఫిర్యాదు చేయవలయును. వారిని నూఱురూపాయలవఱకు పూచీ యడుగవచ్చును. అంత సాహసించి ఫిర్యాదు చేసిన సంస్కర్తను న్యాయస్థానము మొట్టమొదట నడుగు ప్రశ్న యేది? ఆ పిల్లకు పదునాలుగు నిండలేదనుటకు ఋజువేది యని! పిల్ల తండ్రి జాతకము దెచ్చెడివాడు. మునసబు పుస్తకములో పేరు లేని పంక్తి. జోషీగారి యధ్యక్షతను 1928-29లో దేశమెల్ల తిరిగి విచారించిన సంఘము వివాహవయస్సుతో గూడ జననముల, వివాహముల లేఖనమును చక్కబఱచుటనుగూర్చియు సిఫారసు చేసియుండెను. వివాహచట్టము మాత్రము వచ్చినది. లేఖనము సంగతి వెనుకబడెను. తలుపు పెట్టి గడియ మఱచినట్లైనది.

స్వాతంత్ర్యము వచ్చిన యిరువదిరెండేండ్లకు, 1969లో, దేశమునకంతకును జననమరణ లేఖనమున నొకే చట్టమేర్పడినది. 1970 ఏప్రిల్ 1 మొదలు పెక్కు రాష్ట్రములలో నది యమలునకు వచ్చెను. ఆ చట్టపు ఎనిమిదవ విభాగమును నేను పలుమాఱులు చదివితిని. జననమును దెలుపవలసినవారి పట్టిక యందున్నది. ఆసుపత్రిలో పుట్టినచో ముఖ్యవైద్యాధికారి. చెఱసాలలో పుట్టినచో జైలరు. సత్రములో, చౌల్ట్రీలో పుట్టినచో దాని నడుపువాడు. దిక్కులేక బహిరంగస్థలమున విడువబడినచో గ్రామాధికారి లేక పోలీసుఠాణా యధికారి. ఇంట పుట్టినచో? ఇంటి పెద్ద. ఆతడు లేనిచో నింటనున్న వాని దగ్గరి చుట్టము. వారును లేనిచో నింటనున్నవారిలో వయస్సు మీఱిన పురుషుడు. తల్లి, తండ్రి అను మాటలే యా పట్టికలో లేవు! ఇంగ్లాండువారు 1874లో తల్లిదండ్రుల పేరెత్తి విధిని మోపగా, మనము తొంబదియైదేండ్ల తరువాతను ఉమ్మడికుటుంబపు యజమానుని వదలలేకపోయితిమి. కన్నతల్లి గదిలోనే యుండగా, బిడ్డ పుట్టినదని చెప్పుటకు పెరటిలోని పెద్దమగవానిని వెదకిన చట్టమది. తెలుపనివారికి యాబదిరూపాయలవఱకు జుల్మానా. అదియైనను వసూలైన సందర్భము నేనెఱిగినంతవఱకు లేదు.

మన యిండ్లలో నీ విభాగమున కొక చిత్రమైన ఫలము గలదు. తొలిచూలు కాన్పు పుట్టినింట జరుగుట మన యాచారము. చట్టప్రకారము జననమెచ్చట జరిగినదో అచ్చటనే వ్రాయింపవలయును. తల్లిదండ్రులు కాపురమున్న యూర గాదు. కావున నింట పురుడు వచ్చినచో చట్టము పట్టుకొనునది బిడ్డ తండ్రిని గాదు, మాతామహుని. తాతగారు "అల్లుడు వ్రాయించుకొనును లెండి, వారి వంశాంకురము గదా" యని యూరకుందురు. అల్లుడు "పుట్టినది మామగారింట, వారే చూచుకొందు"రని యూరకుండును. అయిదేండ్లకు బడిలో వేయునప్పుడు అల్లుడు తన యూరి కార్యాలయమున వెదకును. బిడ్డ యచ్చట పుట్టనే లేదు! నేడు కాన్పులు చాలవఱకు ఆసుపత్రులలోనే యగుచున్నవి గనుక ఈ మఱపు తగ్గినది. అయినను ఏ యూరి ఆసుపత్రియో ఆ యూరి పుస్తకములోనే వెదుకవలయునను మాట విద్యావంతులు సైతము మఱచుచున్నారు.

పేరు సంగతియు నట్లే. ఇరువదియొక్క దినములలోపల దెలిపినచో రుసుము లేదు. తెలిపినవారికి ఉచితముగ నకలు నీయవలయును. మనము బారసాల పదునొకండవనాడో యిరువదియొకటవనాడో చేయుదుము. ఆసుపత్రివారు బారసాల కాకమునుపే పంక్తి పంపివేయుదురు. పేరుగడి ఖాళీ. మునసబుల కాలమునాటి ఖాళీయే యిది. 1984లో ఆంధ్రప్రదేశమున మునసబులు కరణములు పోయిరి గాని గడి పోలేదు. ఏడాదిలోపల పోయి పేరు చేర్చుకొన్నచో రుసుము లేదు. పదునైదేండ్లవఱకు రుసుముతో చేర్చుకొనవచ్చును. బారసాలకు వందమందికి భోజనము పెట్టు గృహస్థుడు ఆ మరునాడు కార్యాలయమునకు బోవుటకు తీరికలేదనును.

తల్లి సంగతి న్యాయస్థానము చక్కబఱుపవలసివచ్చెను. అవివాహితయైన యొక తల్లి తన కుమారునకు తానే సంరక్షకురాలిగ నుండుటకు కోరగా, తండ్రికి నోటీసు నీయవలయునని క్రింది న్యాయస్థానములు పట్టుపట్టినవి. 2015 జూలై 6వ తేదీన సుప్రీముకోర్టు ఆ పట్టును ద్రోసివేసి, అట్టి తల్లి తన గర్భమున పుట్టిన బిడ్డకు జననపత్రమును గోరినచో ఆమె ప్రమాణపత్రము మాత్రమే తీసికొని యీయవలయునని యుత్తరువు చేసెను. 2023లో చట్టమునే సవరించి, ఒంటరియైన తల్లి లేక తండ్రి, అవివాహితయైన తల్లి, బిడ్డను దత్తుచేసికొన్నవారు మొదలగువారిని పేరుపేరున చేర్చిరి. 1874 నాటి యింగ్లాండు చట్టము తండ్రిని తప్పించి తల్లిని చిక్కించినది. ఇచ్చట తల్లిమాటయే చాలునని యొప్పుకొనుటకు 2015 వఱకు పట్టినది.

ఆ సవరణయందే మఱియొక గొప్ప మార్పు గలదు. 2023 అక్టోబరు 1వ తేదీయందును ఆ పిమ్మటను పుట్టినవారికి, పుట్టినతేదీ, పుట్టినచోటు స్థాపించుటకు జననధ్రువపత్రమే యాధారము. బడిలో చేరుటకు, వోటరుపట్టికకు, వాహనము నడుపు అనుమతికి, వివాహలేఖనమునకు, ప్రభుత్వోద్యోగమునకు, పాసుపోర్టునకు నదియే. ఇంతవఱకు పదవతరగతి పత్రమో, బడిపంతులుగారు చేరికనాడు తమ సౌకర్యముకొలది వేసిన జూన్, జూలై తేదీయో మనలను గట్టెక్కించినది. నా పుట్టినతేదీయు అట్టి పంతులుగారి కల్పనయే. మా యమ్మ చెప్పు పండుగకును ఆ తేదీకిని మూడునెలల దూరమున్నది. ఇకముందు పుట్టువారికి ఆ పంతులుగారి దయ లేదు. తెలుపనివారి జుల్మానా 250 రూపాయలవఱకు పెరిగినది.

ఇందొక యన్యాయమున్నదని నా తలపు. విధి పెద్దలది, తప్పు పెద్దలది, జుల్మానా యిన్నూటయేబది. తప్పుయొక్క ఫలము మాత్రము పదునెనిమిదేండ్లు బిడ్డ యనుభవింపవలయును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ సంగతి నెఱిగియే, వయస్సునకు ఋజువు లేదను కారణమున ఏ బిడ్డను బడిలో చేర్చుకొనకుండరాదని శాసించినది. బిడ్డ పుట్టినవెంటనే వ్రాయబడవలయుననియు, పేరునకును జాతీయతకును హక్కు గలదనియు 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక యేడవ నియమము చెప్పినది. 1992లో భారతదేశమును దాని కొప్పుకొన్నది. హక్కు బిడ్డదని యొప్పుకొన్న పిమ్మట, పెద్దలు మఱచిన పుట్టుకను సులభముగ వ్రాయించుకొను దారి బిడ్డకు దెఱచియుండవలయును. ఏడాది దాటిన జననమును వ్రాయుటకు పూర్వము మొదటితరగతి మేజిస్ట్రేటు ఉత్తరువు వలసియుండగా, ఇప్పుడు జిల్లా లేక సబ్‌డివిజను మేజిస్ట్రేటు, లేక వారు నియమించిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఉత్తరువు చాలును. దారి కొంత దగ్గరైనది. అయినను కూలిదినము పోగొట్టుకొని యా మెట్లెక్కువారికి నది దగ్గరయని నేననను.

మా వీథిలో నాలుగిండ్ల పాచిపని చేసికొను నొకతె గలదు. ఆమె కూతురు తొమ్మిదవతరగతి. బడిపుస్తకములో పిల్లకు పదునాలుగేండ్లు. ఆధారు కార్డులో, శిబిరమునాడు వ్రాసినవాడెట్లు వినెనో యేమో, పదునేడు. మేనత్త కొడుకొకడున్నాడు. "కార్డు ప్రకారము వచ్చేయేటికి పదునెనిమిది నిండును, చట్టమునకును అడ్డము లేదు" అని తండ్రివైపువారు లగ్నములు చూచుట మొదలిడిరి. తల్లి నాయొద్దకు వచ్చి కూర్చుండి, "పిల్ల పుట్టినప్పుడు మా యమ్మగారి యూరి ఆసుపత్రిలో వ్రాసికొన్నారండీ, అది యెక్కడ దొరుకును?" అని యడిగినది. రెండు దినముల పని మాని, కూతురును వెంటబెట్టుకొని పోయినది. పుస్తకము దొరకినది. ఆడశిశువు, తల్లిపేరు, తండ్రిపేరు, తేదీ, అన్నియు నున్నవి. పేరుగడి ఖాళీ. పదునైదేండ్లు దాటుటకు నింకను ఏడునెలలు గలదు గనుక చేర్తునని గుమాస్తా కలము తీసి, పేరేమి యని తల్లి నడిగెను. ఆమె కూతురివైపు జూచినది. పిల్ల ముందునకు వచ్చి, ఒత్తులు దీర్ఘములు తప్పకుండునట్లు, ఒక్కొక్క యక్షరముగ తన పేరు చెప్పి వ్రాయించుకొన్నది.